టీకా పట్ల జంకు: దాని కొలత, దాని మూలాలు

తలుపు ప్రక్కన సుద్దగీత

సుమారు ఇరవై యేళ్ళ క్రితం ఉత్తరప్రదేశ్ పశ్చిమ భాగాన మొరాదాబాద్, బిజ్నోర్ వంటి జిల్లాలలోని ఇరుకు సందులలో నడచిన వారికి ప్రతి ఇంటి గుమ్మం ప్రక్కనా సుద్దముక్కతో వ్రాసిన ఒకటి రెండు అక్షరాలు కనిపించేవి. పోలియో చుక్కల బృందం ఇంటింటికీ తిరుగుతూ వ్రాసిపోయిన గుర్తులవి. ఆ ఇంట ఐదేళ్ళలోపు పిల్లలందరికీ చుక్కలు వేయడం పూర్తయితే గోడమీద 'పి' అని వ్రాసేవారు. ఒక్క బిడ్డ మిగిలిపోయినా 'ఎక్స్' అని వ్రాసేవారు. అంతటితో ఊరుకోక, ఆ 'ఎక్స్' ప్రక్కన మరొక అక్షరం చేర్చేవారు. ఇంటికి తాళం వేసి ఉంటే 'ఎల్', బిడ్డ ఊళ్ళోనే ఎక్కడికో పోయి ఉంటే 'హెచ్', ఊరు దాటి పోయి ఉంటే 'వి', జబ్బుగా ఉన్నందున వేయించలేదంటే 'ఎస్', ఇంటివారు వద్దని త్రోసిపుచ్చితే 'ఆర్'. సాయంత్రం పర్యవేక్షకుడు ఈ అక్షరాలను లెక్కగట్టి పై అధికారికి పంపేవాడు. మరునాటి నుండి మిగిలిపోయిన ఇళ్ళ చుట్టూ మళ్ళీ తిరిగేవారు.

టీకా పట్ల ప్రజలలో ఉండే జంకును కొలవడానికి పండితులు రూపొందించిన ప్రశ్నావళులు తరువాతి కాలంలో చాలా వచ్చాయి. అయితే వాటన్నిటికంటే ముందు, వాటన్నిటికంటే విస్తారంగా, లక్షలాది గడపల వద్ద జరిగిన కొలత ఈ సుద్దగీతయే. కాబట్టి కొలత అనేదానిలోని బలమూ బలహీనతా రెండూ తెలుసుకోవాలంటే ఇక్కడి నుండి ప్రారంభించడమే మేలు.

దీని బలం ఏమిటంటే, ఇది మాటను గాక చేతను లెక్కించింది. 'మీకు టీకాపై నమ్మకమున్నదా?' అని అడిగితే వచ్చే మర్యాద జవాబుకూ, చుక్కల సీసా గుమ్మం ముందుకు వచ్చినప్పుడు బిడ్డను ముందుకు తేవడానికీ మధ్య ఎంతో దూరముంది. బలహీనత కూడా అక్కడే ఉంది. వీధి మొదట బృందం కేక వినబడగానే బిడ్డను పొరుగింటి పెరటిలోకి పంపివేసిన తల్లి ఇల్లు 'హెచ్' అవుతుంది. తగవు పెట్టుకోవడం ఇష్టంలేక 'బిడ్డకు జ్వరం' అని చెప్పిన ఇల్లు 'ఎస్' అవుతుంది. 'మా మామగారు బజారుకు వెళ్ళారు, ఆయన రాకుండా వేయించలేను' అన్న కోడలి ఇంటికి ఏ అక్షరం వ్రాయాలి? ఆమె మనస్సులో సందేహం లేకపోవచ్చు, చేతిలో అధికారమే లేదు. ఆమె ఇంటిని 'ఆర్' అని వ్రాస్తే ఆమెను నిరాకరించినదానిగా లెక్కించినట్లు, 'హెచ్' అని వ్రాస్తే అసలు సమస్యే లేదన్నట్లు. వ్రాసేది సాధారణంగా రోజంతా ఎండలో తిరిగి అలసిన ఒక కార్యకర్త. ఏ అక్షరం వ్రాస్తే పైనుండి చీవాట్లు తక్కువో ఆమెకు తెలుసు.

ఆ అక్షరం ఏదన్నదాన్ని బట్టే ఆ ఇంటికి మరునాడు ఎవరు వస్తారో నిర్ణయమయ్యేది. తాళం వేసిన ఇంటికి మళ్ళీ సీసాతో వస్తారు. నిరాకరించిన ఇంటికి పెద్దమనుషులో, ఇమామో, ఒక్కొక్కప్పుడు తహసీల్దారో వస్తాడు. ఆ అక్షరాలన్నీ కలిసి అంకెలైనప్పుడు ఒక మహల్లా మీద, ఒక్కొక్కప్పుడు ఒక సమాజం మీదనే ఒక ముద్ర పడుతుంది.

జంకు అనగానేమి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు టీకాల విషయంలో సలహా ఇచ్చే నిపుణుల సంఘం 2012లో ఈ సమస్యను పరిశీలించడానికి ఒక ఉపసంఘాన్ని నియమించింది. రెండేళ్ళ తరువాత వెలువడిన దాని నివేదికలోని నిర్వచనం సారాంశం ఇది: టీకా సేవలు అందుబాటులో ఉండి కూడా టీకాను ఆలస్యంగా స్వీకరించడం లేక నిరాకరించడం. ఇందులో గమనించవలసినవి రెండు. మొదటిది, నర్సు రాని ఊళ్ళో టీకా వేయించుకోనివారిని జంకినవారుగా లెక్కించరాదు. రెండవది, ఇది అవును-కాదు అని తేలే విషయం కాదు. ఒక కొసన అన్ని టీకాలనూ నిస్సందేహంగా వేయించేవారు, మరో కొసన ఒక్కటీ వేయించనివారు ఉంటారు. అత్యధికులు ఈ రెండింటి నడుమ ఉంటారు. ఒక టీకాను వేయించి మరొకదాన్ని వాయిదా వేసేవారు, వేయించుతూనే లోలోపల భయపడేవారు వీరిలో ఉన్నారు.

ఆ ఉపసంఘం కారణాలను మూడుగా విడదీసింది. నమ్మకం లోపించడం, ఉదాసీనత, సౌలభ్యం లేకపోవడం. నమ్మకం అంటే టీకా మందుపైనే కాదు, దాన్ని వేసే మనిషిపై, పంపే ప్రభుత్వంపై ఉండే నమ్మకం కూడా. ఉదాసీనత చిత్రమైన కారణం. కంఠసర్పితో ఊపిరాడక పోయిన బిడ్డను చూసిన తరానికి టీకా విలువ చెప్పనక్కరలేదు. మసూచి 1980లో లోకం నుండి తొలగిపోయిందని ప్రకటించారు. కంఠసర్పి, ధనుర్వాతం చాలా ఇళ్ళలో వినబడని పేర్లయ్యాయి. వ్యాధిని కంటికి కనబడకుండా చేసింది టీకాయే, కనబడని వ్యాధికి సూది ఎందుకన్న ప్రశ్నను పుట్టించిందీ టీకాయే. మూడవదైన సౌలభ్యం విషయంలో విమర్శకులు ఒక చిక్కును ఎత్తి చూపారు. సేవలు అందుబాటులో ఉన్నప్పుడే జంకు అని నిర్వచించి, అందుబాటు కష్టం కావడాన్ని జంకుకు కారణంగా చెప్పడం ఎట్లా పొసగుతుంది? ఈ ఆక్షేపణ సమంజసమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పదం అర్థాన్ని కుదించి, టీకా విషయంలో మనస్సు ఊగిసలాడే లేదా వ్యతిరేకించే స్థితిని మాత్రమే జంకు అని పేర్కొన్నది. దూరం, ఖర్చు, సమయం వంటివాటిని వేరుగా లెక్కించవలసి ఉంటుంది.

ప్రశ్నావళులు

కొలిచే సాధనాలు అనేకం ఉన్నాయి గాని, ప్రధానమైనవాటిని చూస్తే చాలు. అమెరికాలోని సియాటిల్ నగరంలో వైద్యులు 2011 నాటికి తల్లిదండ్రుల కోసం 15 ప్రశ్నల పట్టికను తయారు చేశారు. జవాబులకు సున్నా నుండి నూరు వరకు మార్కులు. 50, ఆపైన వస్తే ఆ తల్లిదండ్రులు జంకుతున్నట్లు. తరువాత వారి పిల్లల టీకా కార్డులతో పోల్చి చూచినప్పుడు ఎక్కువ మార్కులు వచ్చినవారి పిల్లలు నిజంగానే టీకాలలో వెనుకబడి ఉన్నట్లు తేలింది. ఈ పోల్చిచూడడమే ముఖ్యం. మనస్సును కొలిచామన్న సాధనం చేతతో సరిపోలకపోతే ఆ మార్కులకు విలువ లేదు.

లండన్‌లోని పరిశోధకుల బృందం వేరు మార్గం తీసుకున్నది. అనేక దేశాలను పోల్చడానికి కేవలం నాలుగు వాక్యాలు: టీకాలు ముఖ్యం, టీకాలు సురక్షితం, టీకాలు పనిచేస్తాయి, టీకాలు నా మతవిశ్వాసాలకు అనుకూలం. వీటితో ఎంతవరకు ఏకీభవిస్తారో చెప్పమని 67 దేశాలలో దాదాపు 66 వేలమందిని అడిగి 2016లో ఫలితాలు ప్రకటించారు. టీకాలు సురక్షితమన్న మాటను కాదన్నవారు ప్రపంచంలో సగటున 13 శాతం. ఫ్రాన్సులో 41 శాతం! చదువు, సంపద, ఆస్పత్రులు దండిగా ఉన్న దేశమది. టీకాను శంకించేవారు నిరక్షరాస్యులనీ, ఆసియా ఆఫ్రికా వాసులనీ, ముస్లింలనీ తలచే వారికి ఈ ఒక్క అంకె చాలు. ఇంగ్లండులో 1998లో ఒక వైద్యుడు 12 మంది పిల్లలను ఆధారం చేసుకొని తట్టు-గవదబిళ్ళల టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసం ప్రకటిస్తే, అయిదారేళ్ళలో ఆ దేశంలో ఆ టీకా వేయించినవారు 80 శాతానికి పడిపోయారు. ఆ వ్యాసాన్ని పత్రిక 2010లో రద్దు చేసింది. అపోహ మాత్రం రద్దు కాలేదు.

2018లో జర్మనీ పరిశోధకులు ఇదివరకటి మూడు కారణాలకు బదులు ఐదింటిని ప్రతిపాదించారు. నమ్మకం, ఉదాసీనత, ఆటంకాలు అనేవాటికి తోడు, లాభనష్టాలను తూచి చూచే అలవాటు, ఇతరుల రక్షణ కోసం తానూ వేయించుకోవాలన్న సామాజిక బాధ్యత. తూచి చూచే అలవాటు అన్నివేళలా టీకావైపే నడిపించదు. ఎక్కువగా వెతికే మనిషికి తప్పుడు సమాచారం కూడా ఎక్కువగానే దొరుకుతుంది.

ఇటువంటి పట్టికలను ఒక భాష నుండి మరో భాషకు తెచ్చినప్పుడు ఎదురయ్యే ఇబ్బందులు చిన్నవి కావు. 'పూర్తిగా ఏకీభవిస్తాను, కొంత ఏకీభవిస్తాను, చెప్పలేను' అంటూ అయిదు మెట్లుగా జవాబు చెప్పే అలవాటు మన పల్లెలలో ఎవరికీ లేదు. 'టీకా మంచిదే గదమ్మా?' అని ఆశా కార్యకర్త వెంట వచ్చిన ఉద్యోగి అడిగితే 'మంచిదేనండి' అనకుండా ఎవరుంటారు? పైగా ప్రశ్నించేవారు ఆ రేషన్, ఈ పెన్షన్ వ్రాసుకొనేవారేమో అన్న అనుమానం ఒకటి. అందువల్ల అక్కడి అత్యధిక అంగీకారం ఫ్రాన్సులోని అసమ్మతి కన్నా దృఢమైనదని చెప్పడానికి వీల్లేదు. ప్రభుత్వోద్యోగి మొహం మీద 'నాకు నమ్మకం లేదు' అనగలగడం కూడా ఒక విధమైన భద్రతకు చిహ్నం.

1,600 మంది పిల్లలు

ఇక మళ్ళీ సుద్దగీతల వద్దకు రావాలి. దేశమంతటా పల్స్ పోలియో కార్యక్రమం 1995లో మొదలైంది. కేసులు వేల నుండి వందలకు దిగివచ్చాయి. అంతలో 2002లో దేశంలో 1,600 మంది పిల్లలకు పోలియో సోకింది. వారిలో 1,242 మంది ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. ఆ రాష్ట్ర జనాభాలో ముస్లింలు ఆరవ వంతు కంటే కొంచెం ఎక్కువ. పోలియో సోకిన పిల్లలలో మాత్రం సగానికి పైగా ముస్లిం పిల్లలే.

ఈ అంకెను ఎట్లా చదవాలి? ఆనాడు చాలామంది చదివిన పద్ధతి సులువైనది: ముస్లింలు మూఢంగా చుక్కలు వద్దంటున్నారు, అందుకే వ్యాధి పోవడం లేదు. ఇందులో కొంత నిజమున్నది. ముస్లిం పిల్లలకు సగటున అందిన మోతాదుల సంఖ్య తక్కువగానే ఉండేది. చుక్కలు తాగితే పిల్లలు పెద్దయ్యాక సంతానం కలగదన్న వదంతి బలంగా ఉండేది. వదంతి అబద్ధమే. అయితే అది ఆ నేలమీదనే ఎందుకు మొలకెత్తిందన్నది వేరే ప్రశ్న.

అత్యవసర పరిస్థితి నాటి 1976-77 సంవత్సరంలో దేశంలో 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ వద్ద, అదే సంవత్సరం అక్టోబరులో ముజఫర్‌నగర్‌లో కాల్పులు జరిగాయి. ముజఫర్‌నగర్ ఏ దూరదేశమో కాదు, పోలియో విడవకుండా పట్టుకున్న పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోనిదే. 2002లో మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తాత 1976లో యువకుడు. సర్కారు మనుషులు లెక్కలు పూర్తి చేసుకోవడానికి ఇళ్ళమీద పడిన రోజులు ఆయనకు కళ్ళముందు జరిగినవి. ఆయన దృష్టిలో చుక్కల బృందం ఆ పాత బృందానికి వారసులే. అంతేకాదు, ఆ ఇళ్ళలో పదే పదే వినబడిన ప్రశ్న ఒకటున్నది: బిడ్డకు విరేచనాలైతే మందిచ్చే నాథుడు లేడు, మురుగు కాలువ బాగుచేసేవాడు లేడు, ఈ చుక్కలకు మాత్రం ఇంటికే వచ్చి, డబ్బు అడగకుండా, నెల తిరక్కుండా మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తారు? ఈ ప్రశ్న మూఢత్వం నుండి పుట్టింది కాదు. జీవితమంతా సర్కారు నుండి ఏదీ ఊరికే రాదని నేర్చుకున్న మనిషి వేసే ప్రశ్న ఇది. కొన్ని గ్రామాలలో రోడ్డు వేసేదాకా, కరెంటు ఇచ్చేదాకా చుక్కలు వేయించమని భీష్మించుకు కూర్చున్నారు. హిందూ గ్రామాలలోనూ ఇది జరిగింది. వారికి టీకాపై ఏ సందేహమూ లేదు. అధికారులకు కావలసింది తమ వద్ద ఉన్నది అదొక్కటేనని గ్రహించారు, అంతే. గోడమీద మాత్రం వారి ఇళ్ళకూ 'ఆర్' గుర్తే పడింది.

మామూలు టీకాల సంగతి చూస్తే ఇంకొక విషయం తేలుతుంది. 2005-06 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అన్ని టీకాలూ పూర్తిగా పడిన పిల్లలు ఉత్తరప్రదేశ్‌లో 23 శాతం. ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో అది 46 శాతం. మిగిలిన 77 శాతం కుటుంబాలూ టీకాలను నిరాకరించాయా? లేదు. ఎక్కువ చోట్ల ఇచ్చేవారే సరిగ్గా రాలేదు. అట్టి రాష్ట్రంలో ఒక్క పోలియో చుక్కల విషయంలో నిరాకరణను మాత్రం ఇల్లిల్లూ లెక్కించారు.

అందరూ ఊహించని విషయం మరొకటి 2006లో బయటపడింది. బ్రిటిష్, భారతీయ పరిశోధకులు కలిసి చుక్కల మందు శక్తిని లెక్కగట్టి 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. మొదటి రకం పోలియో నుండి ఒక్కొక్క మోతాదు ఇచ్చే రక్షణ దేశంలోని ఇతర ప్రాంతాలలో 21 శాతం ఉంటే ఉత్తరప్రదేశ్‌లో 9 శాతం మాత్రమే. కిక్కిరిసిన ఇళ్ళు, మురుగు, ఎడతెగని విరేచనాలు, ప్రేగులలో నిత్యం తిష్ఠవేసే ఇతర క్రిములు ఇందుకు కారణాలు. చుక్కల మందు ప్రేగులో నిలిచి పెరిగితేనే రక్షణ కలుగుతుంది. అప్పటికే ఇతర క్రిములు ఆక్రమించిన ప్రేగులో దానికి చోటు దొరకదు. అంటే, అయిదారుసార్లు బుద్ధిగా చుక్కలు వేయించిన తల్లి బిడ్డకు కూడా కాలు పడిపోవచ్చు. పడిపోయింది కూడా. పొరుగింటివారు అది చూచి 'వేయించినా వచ్చిందిగా' అన్నారంటే అది వదంతి కాదు, కళ్ళారా చూచినది. ముస్లిం మహల్లాలలో వ్యాధి ఎక్కువ కావడానికి నిరాకరణతోపాటు ఆ మహల్లాల ఇరుకూ మురుగూ కూడా కారణమేనని దీన్నిబట్టి అర్థమౌతుంది. మురుగును ఎవరూ సుద్దతో గోడమీద గుర్తించలేదు.

ఈ పరిశోధన తరువాత జరిగిన మార్పులు గమనార్హమైనవి. ఒక్క రకానికే గురిపెట్టే మందును 2005 నుండే వాడుతున్నారు. రెండు రకాలపై పనిచేసే మందు 2010 జనవరిలో వచ్చింది. 2009లో ఉత్తరప్రదేశ్‌లో 66, బీహారులో 41, మొత్తం 107 బ్లాకులను ఎంచుకొని అక్కడ చుక్కలతోపాటు మంచినీరు, మరుగుదొడ్లు, విరేచనాల చికిత్స, తల్లిపాల ప్రచారం చేపట్టారు. 'చుక్కలు తప్ప మరేమీ ఎందుకు ఇవ్వరు?' అన్న ప్రశ్నకు ఆలస్యంగానైనా వచ్చిన జవాబు అది.

మనుషుల విషయంలోనూ మార్పు వచ్చింది. 2001 నుండి ఆయా మహల్లాలకు చెందిన స్త్రీలనే ఎంపిక చేసి సమాజ సమన్వయకర్తలుగా నియమించారు. గర్భవతుల పేర్లు, పుట్టిన బిడ్డల పేర్లు ఆమె రిజిస్టరులో ఉండేవి. ఆమె గోడమీద అక్షరం వ్రాసి వెళ్ళిపోయే మనిషి కాదు. పెళ్ళికీ చావుకూ అదే వీధిలో ఉండే మనిషి. 'బులావా టోలీ' అన్న పేరుతో పిల్లల గుంపులు వీధుల వెంట తిరిగి తోటి పిల్లలను పిలుచుకువచ్చేవి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్దర్ద్ ఈ పనిలో పాలుపంచుకున్నాయి. దేవ్‌బంద్, బరేలీ వర్గాల ఉలమాలు విజ్ఞప్తులపై సంతకాలు చేశారు. మస్జిద్ మైకులలో ప్రకటనలు వినిపించాయి. ఫత్వా ఒక్కటే పనిచేసిందనడం మాత్రం అతిశయోక్తి. వీధిలోని ఆ స్త్రీ చేతిలో ఫత్వా ప్రతి ఉన్నప్పుడు అది పనిచేసింది. జీపులో వచ్చిన అధికారి చేతిలో అదే కాగితం అంతగా పనిచేయలేదు.

2009లో దేశంలో 741 కేసులు. 2010లో 42. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు వచ్చిన పోలియోయే చివరిది. 2014 మార్చి 27న భారతదేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియోరహితమైనట్లు ధ్రువీకరించారు.

కానో, అబ్బోటాబాద్

నైజీరియా ఉత్తర ప్రాంతంలోని కానో రాష్ట్రంలో 2003 ఆగస్టులో పోలియో చుక్కలను నిలిపివేశారు. చుక్కలలో సంతాననిరోధక పదార్థమో, ఎయిడ్స్ క్రిమో కలిపారన్నది ఆరోపణ. దాదాపు ఏడాది గడచినాక, 2004 జూలైలో, ముస్లిం దేశమైన ఇండోనేషియాలో తయారైన మందు తెప్పించాక గాని కార్యక్రమం తిరిగి ప్రారంభం కాలేదు. ఈలోగా నైజీరియా వైరస్ అనేక దేశాలకు ప్రాకింది. యమన్ చేరింది. పదేళ్ళుగా పోలియో లేని ఇండోనేషియాకు 2005లో చేరి దాదాపు మూడు వందలమంది పిల్లలను కుంటివారిని చేసింది. కానోకు మందు పంపిన దేశానికే కానో వైరస్ వచ్చి చేరడం విచారకరమైన విషయం.

బయటివారికి ఇది వట్టి మతోన్మాదంగా కనిపించింది. కానో వాసులకు ఏడేళ్ళ నాటి జ్ఞాపకమొకటి ఉంది. 1996లో మెదడువాపు ప్రబలినప్పుడు ఫైజర్ కంపెనీ ఒక కొత్త మందును అక్కడి ఆస్పత్రిలో 200 మంది పిల్లలపై పరీక్షించింది. సగంమందికి కొత్త మందు, సగంమందికి పాత మందు. 11 మంది మరణించారు. మరణాలకు వ్యాధియే కారణమని కంపెనీ వాదన. తల్లిదండ్రుల అనుమతి సక్రమంగా తీసుకోలేదన్నది ఎదుటివారి వాదన. 2009లో ఏడున్నర కోట్ల డాలర్లకు రాష్ట్రంతో రాజీ కుదిరింది. 2003లో చుక్కలను శంకించిన తండ్రికి ఈ వ్యాజ్యం పత్రికలలో చదివిన సంగతి కాదు, తన ఊరి ఆస్పత్రిలో జరిగిన సంగతి. 2020 ఆగస్టులో ఆఫ్రికా ఖండం సహజ పోలియో వైరస్ నుండి విముక్తమైనట్లు ప్రకటించగలిగారంటే, ఆ జ్ఞాపకాన్ని మూఢత్వమని కొట్టివేయకుండా అమీర్లు, ఇమాములు, వైద్యులు ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడినందువల్లనే.

పాకిస్తాన్‌లో జరిగింది ఇంకా దారుణం. 2011లో అబ్బోటాబాద్‌లో అమెరికా గూఢచారి సంస్థ కామెర్ల టీకా కార్యక్రమం అనే ముసుగులో సమాచార సేకరణకు ప్రయత్నించింది. అదే సంవత్సరం జూలైలో ఆ సంగతి పత్రికలకెక్కింది. తరువాత పరిశోధకులు జిల్లాలవారీగా లెక్కలు తీసి చూస్తే, అటువంటి ఉదంతాలను నమ్మే వర్గాల బలం ఎక్కువగా ఉన్నచోట పిల్లల టీకాలు బాగా తగ్గినట్లు కనిపించింది. 2012 చివరి నుండి పోలియో కార్యకర్తలపై హత్యాకాండ మొదలైంది. వారిలో అధికులు స్వల్ప వేతనానికి పనిచేసే స్థానిక ముస్లిం స్త్రీలే. టీకా కార్యక్రమాలను ఇకమీదట వాడుకోబోమని అమెరికా ప్రభుత్వం 2014లో మాట ఇచ్చింది. సహజ పోలియో ఇప్పటికీ మిగిలి ఉన్న రెండు దేశాలు పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్.

నాలుగవ వాక్యం

లండన్ బృందం వేసిన నాలుగవ వాక్యాన్ని, 'టీకాలు నా మతవిశ్వాసాలకు అనుకూలం' అన్నదాన్ని, కొంచెం నిలిచి చూడాలి. ఒక ముస్లిం దాన్ని కాదన్నాడంటే అతని అభిప్రాయం ఏమిటి? విధి వ్రాతను టీకాతో తప్పించరాదన్నది అతని భావమా? లేక ఈ మందులో పంది నుండి తీసిన గెలటిన్ ఉన్నదన్న సందేహమా? మొదటిది విశ్వాసానికి చెందిన మాట. ఇస్లామీయ వైద్య చరిత్ర చదివినవారు దాన్ని ఆమోదించరు. మసూచినీ తట్టునూ వేరు వేరు వ్యాధులుగా వర్ణించి గ్రంథం వ్రాసినవాడు అల్ రాజీ. మసూచికి అంటుపెట్టే పద్ధతిని ఉస్మానియా తుర్కులలో చూచి 1717లో ఇంగ్లండుకు ఉత్తరం వ్రాసింది ఆంగ్ల రాయబారి భార్య మేరీ మాంటేగ్. రెండవది ధర్మశాస్త్రానికి, రసాయన శాస్త్రానికి చెందిన ప్రశ్న. దానికి జవాబు చెప్పవచ్చు, చెప్పారు కూడా. 1995లో కువైత్‌లో ఇస్లామీయ వైద్య శాస్త్రాల సంస్థ ఏర్పాటు చేసిన సదస్సులో ధర్మవేత్తలు, వైద్యులు కలిసి చర్చించి, ఒక పదార్థం పూర్తిగా మరో పదార్థంగా మారిపోతే (ధర్మశాస్త్ర పరిభాషలో 'ఇస్తిహాలా') దాని పూర్వపు అపవిత్రత తొలగిపోతుందన్న సూత్రం ప్రకారం గెలటిన్‌ను ధర్మసమ్మతంగా పరిగణించారు. మరికొందరు ధర్మవేత్తలు ఈ సూత్రాన్ని అంత విస్తృతంగా అంగీకరించరు. వారు 'జరూరత్', అనగా గత్యంతరం లేని అవసరం, అన్న సూత్రం ద్వారా అనుమతికి వస్తారు.

దారి ఏదైనా గమ్యం ఒకటే గదా అనుకోవచ్చు. ఇండోనేషియా అనుభవం అట్లా అనుకోనివ్వదు. 2018లో తట్టు-రుబెల్లా టీకా విషయంలో అక్కడి ఉలమా మండలి ఫత్వా ఇచ్చింది. తయారీలో పంది సంబంధమైన పదార్థం వాడినందున టీకా హరామే, అయినా ప్రత్యామ్నాయం లేదు గనుక అవసరార్థం వాడవచ్చునన్నది దాని సారాంశం. ధర్మశాస్త్రం తెలిసినవారు వాక్యం చివరి భాగాన్ని విన్నారు. సామాన్యులలో చాలామంది మొదటి భాగాన్నే విన్నారు. ముందటి సంవత్సరం జావా దీవిలో మూడున్నర కోట్ల పిల్లలకు నిరాటంకంగా సాగిన కార్యక్రమం మిగతా దీవులలో కుంటుపడింది. అచే రాష్ట్రంలో అత్యల్ప సంఖ్యలోనే పిల్లలకు టీకా పడింది. అచే తల్లులను నాలుగవ వాక్యం అడిగి ఉంటే 'అనుకూలం కాదు' అనేవారే. వారు టీకాలకు వ్యతిరేకులని లెక్కతేలేది. నిజానికి వారు ముందటి టీకాలను వేయించినవారే. ఈ ఒక్క సీసా గురించి స్పష్టమైన మాట కోసం ఎదురుచూస్తున్నవారు.

సంతకాలు

తెలుగు నేలపై జరిగిన ఒక ఉదంతం ఈ కొలతలకు పూర్తిగా విరుద్ధమైన కోణాన్ని చూపుతుంది. 2009 జూలైలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా వేసే ప్రయోగాత్మక పథకం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టినది. దాదాపు 14 వేలమంది బాలికలకు టీకా వేశారు. వారిలో ఆశ్రమ పాఠశాలలలో, హాస్టళ్ళలో చదివే గిరిజన బాలికలు ఎందరో. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం పథకాన్ని నిలిపివేసింది. విచారణ సంఘం పరిశీలనలో ఆ మరణాలకు పాముకాటు, నీటమునగడం, పురుగుమందు, మలేరియా వంటి ఇతర కారణాలున్నట్లు తేలింది. టీకా దోషమని రుజువు కాలేదు. ఆ టీకా మంచిదేనని ఇతర దేశాల అనుభవం కూడా చెబుతున్నది.

అయితే 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో వేరొక విషయాన్ని బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి ఫారాలలో 1,948 ఫారాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 ఫారాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులు దూరాన గూడేలలో ఉన్నారు. వారిని అడిగినవారు లేరు.

ఆ సమయంలో ఆ హాస్టళ్ళలో సుద్దముక్కతో గుర్తులు వేసి ఉంటే అన్ని తలుపుల మీదా 'పి' అనే పడేది. నిరాకరణ లేదు, ఆలస్యం లేదు. ఉపసంఘం నిర్వచనం ప్రకారం అక్కడ జంకు సున్నా. మరుసటి ఏడాది అదే గూడేలలో పుట్టిన భయం ఏ పట్టికలోనూ ముందుగా కనిపించలేదు.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన కొత్త ప్రశ్నావళిలో టీకాపై నమ్మకంతోపాటు మరికొన్ని అడుగుతారు: ఇంట్లోని పెద్దలు, మతపెద్దలు ఏమంటారు, బిడ్డను తీసుకుపోవడానికి తల్లికి ఎవరైనా అనుమతి ఇవ్వాలా, కేంద్రం ఎంత సులువుగా చేరవచ్చు, ఖర్చు భరించగలరా, అక్కడి సిబ్బందిపై నమ్మకమున్నదా. మొరాదాబాదులో మామగారి కోసం ఎదురుచూచిన కోడలికి ఈ పట్టికలో ఒక గడి దొరికింది. ఖమ్మంలోని 2,763 ఫారాల తల్లిదండ్రుల వద్దకు ఏ ప్రశ్నావళీ వెళ్ళలేదు.